తరుగు ఎందుకని అడిగిన చదువు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. పుంగనూరు పౌర సంఘం వాళ్ళ విద్యానిధికి ఆడిట్ నివేదిక రాస్తూ, చివర నా అంతట నేను రెండు వాక్యాలు చేర్చాను. "చింతపండు కూలి స్త్రీలకు నడుపుతున్న తరగతి ఖర్చు విద్య కిందికి వచ్చేదిగా కనిపించడం లేదు. అది కూలి వివాదానికి ఉపయోగపడినట్టు తోస్తున్నది." సంతకం పెట్టి, ముద్ర వేసి సంఘానికీ ఆదాయపు పన్ను ఆఫీసుకూ పోస్టు చేయించాను. ఆ తరగతిని నేను చూడలేదు. ఎందుకు రాశానో మాత్రం నాకు బాగా తెలుసు.

డెబ్భైల మొదట్లో మదనపల్లెలో ఒక బట్టల కొట్టు మేడ మీద గది తీసుకుని ఆడిటరుగా బోర్డు పెట్టుకున్నాను. నూనె మిల్లులు, పట్టు మగ్గాల వాళ్ళు, చింతపండు మండీలు నాకు అన్నం పెట్టాయి. పౌర సంఘాల పని కూలి గిట్టే పని కాదు. అయినా ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూస్తే నాకు గుర్తున్నవి అవే. ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలు చట్టం నాకంటే బాగా చదివారు. చట్టంలో రాయలేని సంగతి ఒకటుంది. దాన్ని నేను పుంగనూరులో నేర్చుకున్నాను, ఆలస్యంగా.

రెండు సంచులు

పౌర సంఘం అంటే ఊరి బాగు కోసం నలుగురు చేరి పెట్టుకున్నది. వీధి దీపం వెలగకపోతే అర్జీ పెడతారు, కాలువ పూడిపోతే మునిసిపాలిటీ ముందు కూర్చుంటారు. ఏడాదికోసారి విందు కూడా చేసుకుంటారు. దీనికంతా సభ్యుల చందా ఉంటుంది. అది మొదటి సంచి. అందులోంచి ఏం చేసుకున్నా సభ్యుల ఇష్టం.

రెండో సంచి విద్యానిధి. దానికి ఆదాయపు పన్ను వాళ్ళ దగ్గర ఎయిటీ-జీ అనుమతి ఉంటుంది. అంటే అందులో వేసిన వాడికి పన్నులో కొంత తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని ఎవరు భరిస్తున్నారు? ప్రభుత్వం అంటాం. నిజానికి అగ్గిపెట్టె కొన్న ప్రతి మనిషీ భరిస్తున్నాడు. కాబట్టి ఆ సంచిలో దాత డబ్బుతో పాటు ముక్కూ ముఖం తెలియని వాళ్ళ డబ్బు కూడా ఉంది. దాన్ని చదువుకు తప్ప దేనికీ తీయకూడదు. రెండు సంచులూ ఒకే బ్యాంకు ఖాతాలో ఉండకూడదు. ఉంటే ఎంత మంచివాడైనా ఒకరోజు కలిపేస్తాడు.

చిత్తూరులో నాకు పని నేర్పిన సీనియరు ఓచర్లన్నీ పక్కకు నెట్టి ఒకే ప్రశ్న వేసేవాడు. "ఈ ఖర్చుతో ఎవరికి ఏం తెలిసింది?" జవాబు రాకపోతే అది చదువు కాదు. అర్జీ రాయడం నేర్పితే చదువు. సంఘం రాసిన అర్జీని వెయ్యి కాగితాలు అచ్చు వేయించి సంతకాలు తీసుకుంటే అది ఉద్యమం, చందా సంచిలోంచి పెట్టుకోవాలి. ఓటు ఎలా వేయాలో చెప్పొచ్చు, ఎవరికి వేయాలో చెప్పకూడదు. పేద పిల్లలకు ఫీజు కట్టొచ్చు. ఆ పేద పిల్లలు ప్రతి ఏడూ కార్యదర్శి బంధువులే అయితే అది చదువు కాదు, చుట్టరికం.

ఆయన కోపిష్టి. ఫైలు విసిరేసేవాడు, జీతం ఆలస్యంగా ఇచ్చేవాడు. అయినా ఆ ప్రశ్న కోసం ఆయనకు నేను రుణపడి ఉన్నాను. దాన్ని నేను అందరినీ అడిగాను. అడగాల్సిన రోజు నన్ను నేను అడగలేదు.

కుప్పం బస్సు షెల్టరు

కుప్పంలో ఒక పౌర సంఘం విద్యానిధితో బస్సు షెల్టరు కట్టేసింది. అధ్యక్షుడు కిష్టప్ప, హోటలు యజమాని. తెలుగు, కన్నడం, అరవం మూడూ ఒకే వాక్యంలో మాట్లాడే మనిషి. నేను ఓచరు పట్టుకుని అడిగితే చేయి పట్టుకుని షెల్టరు దగ్గరికే తీసుకుపోయాడు. లోపలి గోడ నిండా అక్షరాలు రాయించి ఉన్నాయి.

"సూడప్పా ఆడిటరూ, ఇస్కూలు పిలకాయలు యాడ నిలబడాల? ఎండలోనా? అచ్చరాలు గూడా రాయించినాం. ఇంకేం గావల్ల నీకు సదువు?"

"అన్నా, చింతామణి సంతకు పోయే మేకల వ్యాపారి కూడా ఈడే నిలబడతాడు కదా. ఆయన కూడా చదువుకుంటున్నాడా?"

"సదువుకోనీలే, ఆయప్పకూ రాదు."

పక్కనున్న వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఒప్పుకోలేదు. షెల్టరు మంచిదే, సంచి మాత్రం తప్పు అన్నాను. కిష్టప్ప గోడ వైపు చూసి, "ఆ దుడ్డు మళ్ళా పెట్టేస్తాం పో" అన్నాడు. నేను నమ్మలేదు. మళ్ళీ సంత నాటికి సభ్యులంతా తలా కొంత సొంత జేబులోంచి వేసి నిధిని నింపేశారు. వాళ్ళు ఆ డబ్బు తిరిగి పెట్టకపోయినా ఏ అధికారీ ఆ ఊరికి వచ్చి చూసేవాడు కాదు. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. బ్యాంకు రసీదు నా చేతికొచ్చింది. మనుషులు ఇంత సులువుగా సరిదిద్దుకోగలరా అనిపించింది.

కుప్పంలో నేను అంత గట్టిగా ఎలా నిలబడ్డాను? ఇప్పుడు తెలుస్తోంది. కిష్టప్ప హోటలు లెక్కలు నా దగ్గర లేవు. ఆయన అలిగితే నాకు పోయేది ఏమీ లేదు.

గోడౌన్లో బడి

పుంగనూరు సంగతి అట్లా కాదు. అక్కడి పౌర సంఘం విద్యానిధికి పెద్ద దాత గఫార్ సాబు. చింతపండు మండీ యజమాని, నమాజుకూ మాటకూ తప్పని మనిషి. ఆయన మండీ లెక్కలు చూసేది నేనే. నిధి లెక్కలు చూసేదీ నేనే. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఒకే ఆడిటరు. చిన్న ఊళ్ళలో అది మామూలే అనుకున్నాను. చాలామంది ఇప్పటికీ అట్లాగే అనుకుంటారు.

ఆ నిధితో సంఘం ఒక తరగతి పెట్టింది. పుంగనూరులో చింతపండు గింజ తీసేది ఆడవాళ్ళు. మండీ నుంచి పండు తూకం వేసి ఇస్తారు. ఇంటికి తీసుకుపోయి, రాయి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి గింజ తీసి, మళ్ళీ తెచ్చి తూకం వేయిస్తారు. కిలోకి ఇంత అని కూలి. తిరిగి తెచ్చినప్పుడు గుమాస్తా దుమ్ముకూ తడికీ అని తూకంలో కొంత కోసేస్తాడు. దాన్ని తరుగు అంటారు. ఎంత కోయాలో ఎక్కడా రాసి లేదు. వాళ్ళ నాయనల కాలం నుంచీ వస్తున్నది.

గఫార్ సాబే గోడౌన్లో ఒక మూల ఖాళీ చేయించి తరగతికి ఇచ్చాడు. టీచరు జుబేదా, పదో తరగతి ప్యాసయిన అమ్మాయి. ఆమె పలకలతో మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ఆడవాళ్ళకు విసుగొచ్చింది. అప్పుడు ఆమె వాళ్ళను లేపి గోడౌన్లోని పెద్ద కాటా దగ్గరికి తీసుకుపోయింది. కాటా కడ్డీ మీద అంకెలున్నాయి. ఒక్కొక్కరినీ కాటా ఎక్కించింది. తమ బరువు తాము చదువుకోవాలి. నవ్వుతూ, ఒకరినొకరు వెక్కిరిస్తూ, వాళ్ళు అంకెలు నేర్చుకున్నారు.

కొన్నాళ్ళకు గఫార్ సాబు మదనపల్లె వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. టీ ముట్టుకోలేదు.

"ఆడిటర్ సాబ్, నేను ఇచ్చిన డబ్బుతో నా మీదికే వస్తాండారు."

"ఎవరు సాబూ?"

"రెడ్డెమ్మ. ఇన్నేండ్లుగా నాకాడ పని చేసే మనిషి. గుమాస్తా తూకం వేస్తే అంటాదంట, 'అప్పా, కాటా మీద అంకె నాకూ కనిపిస్తాంది, మళ్ళా తరుగు యాల?' అని. దాన్ని చూసి అందరూ అదే మాట. ఇదేం చదువు సాబ్?"

"చదువు కాదులెండి," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ చెవిలో ఉంది.

"అయితే ఆపించండి," అన్నాడాయన.

నేను చెప్పాల్సింది వేరే. సాబూ, మీరు ఇచ్చిన రోజే ఆ డబ్బు మీది కాకుండా పోయింది, పన్ను రాయితీ మీకు దక్కిందే అందుకు, ఇంక దాని కళ్ళెం మీ చేతిలో ఉండదు అని చెప్పాలి. నాలుగు మాటలు. చెప్పలేదు. ఆయన మండీ లెక్కలు పోతే నా సంపాదనలో పెద్ద భాగం పోతుంది. మర్నాడు ఆ రెండు వాక్యాలు రాశాను.

ఏది చదువు

నివేదిక అందగానే సంఘం తరగతి మూసేసింది. కార్యదర్శి రామచంద్రప్ప మందుల షాపు నడిపేవాడు, జాగ్రత్తపరుడు. ఎయిటీ-జీ అనుమతి పోతే మిగిలిన దాతలు కూడా పోతారని, బడి పిల్లలకు ఇచ్చే పుస్తకాలూ ఆగిపోతాయని ఆయన భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేను. దాన్ని పెట్టింది నేను.

పది రోజులు కూడా కాకముందే జుబేదా మదనపల్లె వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే అడిగింది.

"చదువు కాదని రాసినారంట సార్. ఏది చదువో చెప్తే అదే చెప్తాను."

నేను సీనియరు దగ్గర విన్నవన్నీ చెప్పాను. ఆమె అడ్డం రాలేదు, మొత్తం విన్నది.

"నేను అంకెలు చెప్పినాను సార్. అంకెలు యాడ ఉండాయో ఆడికి తీసకపోయినాను. పలక మీద ఉంటే చదువు, కాటా మీద ఉంటే గొడవా?"

నేను పేపరు వెయిటు తిప్పుతూ కూర్చున్నాను.

"మీరు ఒక్క దినం వచ్చి చూసినారా సార్?"

"లేదమ్మా."

"రండి మరి," అని లేచింది. బస్సు టైమైందని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

రెండు రోజుల తర్వాత వెళ్ళాను. గోడౌన్ మూల తాళం వేసి ఉంది. తరగతి జుబేదా ఇంటి వసారాలో జరుగుతోంది. జీతం లేదు, కొత్త పలకలు లేవు. వసారా నిండా ఆడవాళ్ళు, ప్రతి ఒక్కరి ముందూ రాయి, సుత్తి, చింతపండు కుప్ప. మధ్యాహ్నం అంటే పని వేళ. చదువు కోసం పని ఆపితే ఆ పూట కూలి లేదు. అందుకని చేత్తో గింజ తీస్తూ, కళ్ళతో పలక చూస్తూ ఉన్నారు. గాలి అంతా పులుపు.

జుబేదా నన్ను ఎవరో చెప్పలేదు. ఊరికే "సారు" అన్నది. రెడ్డెమ్మ నన్ను ఏదో బడి ఇన్‌స్పెక్టరు అనుకుంది. ఆమె యాభై దాటిన మనిషి. లేచి వచ్చి నన్ను గోడ దగ్గరికి పిలిచింది. గోడకు ఒక యాభై రోజుల సినిమా పోస్టరు, కింద ఒక సిమెంటు సంచి, గూట్లో అగ్గిపెట్టె.

"ఇది యాభై. సంచి మీద సూడు సామీ, ఇదీ యాభైనే. అగ్గిపెట్టె మీద సిన్నగా రాసిండారు, అదీ యాభైనే. పెద్దగా రాసినా సిన్నగా రాసినా అదే." వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. "ఇన్ని దినాలూ ఇది ఈడే రాసిండాదంట. ఊరంతా రాసిండాదంట. నాకే కనపడలా."

అంకెలు నేను ఎప్పుడు నేర్చుకున్నానో నాకు గుర్తు లేదు. ఎవరికీ గుర్తుండదు. పాలు తాగడం నేర్చుకున్నట్టు నేర్చేసుకుంటాం. ఈమెకు మాత్రం తెలుసు. ఈమె కళ్ళ ముందు ఊరు ఊరంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టింది. గోడలు, సంచులు, మైలురాళ్ళు, కాటాలు. ఆ మాట విన్నాక కాటా దగ్గర ఒక ప్రశ్న అడిగింది. అడగకుండా ఎట్లా ఉంటుంది? నా జీవితంలో గుడులు చూశాను, హార్స్‌లీ హిల్స్ మీద మబ్బులు కాళ్ళ కింద నడవడం చూశాను. ఆ వసారాలో నిలబడినంత చిన్నగా ఎక్కడా నిలబడలేదు.

"అంకెలు వచ్చినాయి," అన్నది రెడ్డెమ్మ తన చోట కూర్చుంటూ. "అచ్చరాలు మొదలుపెట్టినాం. అంతలో ఎవురో ఆడిటరంట, వొద్దని రాసినాడంట. ఆయప్పకు మేమేం జేసినామో."

జుబేదా నా వైపు చూడలేదు. అది నేనేనని చెప్పే ధైర్యం నాకు ఆ పూట లేకపోయింది.

మండీలో

అక్కడి నుంచి నేరుగా మండీకి పోయాను. గఫార్ సాబు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. నేను రాసింది తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ తరగతి చదువే. మీరిచ్చిన డబ్బు ఇచ్చిన రోజే మీది కాదు. దాంతో ఎవరు ఏం నేర్చుకున్నా, నేర్చుకుని మిమ్మల్నే ఏం అడిగినా ఆపే హక్కు మీకు లేదు. ఆపించే హక్కు నాకు అసలే లేదు.

ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"ఈ మాట ఆ దినం ఎందుకు చెప్పలేదు సాబ్?"

"మీ లెక్కలు పోతాయని."

"చెప్పింటే నేనేం చేసేవాణ్ణి? రెండు దినాలు కోపంగా ఉండేవాణ్ణి. మూడో దినం అల్లాకు ఇచ్చింది అల్లాకే అనుకునేవాణ్ణి." దిండు పక్కకు జరిపి అన్నాడు. "ఇన్నేండ్ల నుంచీ నా లెక్కలు చూస్తాండారు. నన్ను మాత్రం చూడలేదు మీరు."

ఆయన గుమాస్తాను పిలిచి గోడౌన్ తాళం చెవి తెప్పించి నా చేతిలో పెట్టాడు. "తరుగు సంగతి వేరే. అది నేనూ వాళ్ళూ తేల్చుకుంటాం. మీరు దాంట్లోకి రావద్దు," అన్నాడు. నేను వెళ్ళలేదు. తర్వాత తరుగు తగ్గించాడని విన్నాను. పూర్తిగా తీసేశాడని మాత్రం వినలేదు. విద్యానిధికి చెక్కు మాత్రం ప్రతి ఏడూ ఇచ్చాడు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. దాత చెడ్డవాడని ముందే తీర్మానించుకోవద్దు. దాతకు నిజం చెప్పకుండా ఆయన తరపున మనమే చెడ్డపని చేసేస్తాం, తర్వాత ఆయన ఒత్తిడి అంటాం. దాత కలం ఎత్తకముందే చెప్పేయాలి, ఈ చెక్కు చింపి ఇచ్చాక దీని మీద మీకూ దారిన పోయే మనిషికీ ఒకటే హక్కు అని. చాలామంది ఒక నిమిషం ఆలోచించి ఇచ్చేస్తారు. ఇవ్వని వాళ్ళ డబ్బు ఆ సంచికి పనికిరాదు.

తర్వాత

నివేదిక మళ్ళీ రాశాను. పోస్టులో పంపకుండా స్వయంగా ఆదాయపు పన్ను ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడి అధికారి రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టుకుని, "వీటిలో ఏది తప్పు?" అన్నాడు.

"ముందుది."

"కారణం?"

"తరగతిని చూడకుండా రాశాను. దాత మండీ లెక్కలు చూసేదీ నేనే."

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఇది కాగితం మీద ఉండాల్సి వస్తుంది, ఆలోచించుకోండి అన్నాడు. ఉండనివ్వండి అన్నాను. ఫైల్లో ఏం రాసుకున్నాడో చదవలేదు, అడగలేదు. అనుమతి కొనసాగింది. మండీ లెక్కలు ఆ నెలలోనే వదులుకున్నాను. నిధికి మాత్రం ఆడిటరుగా ఉన్నాను. అప్పటి నుంచి ఇచ్చేవాడి దగ్గరా పుచ్చుకునేవాడి దగ్గరా ఒకేసారి పని పెట్టుకోలేదు. ఇంట్లో కొన్నాళ్ళు ఇబ్బంది పడ్డాం. నా భార్య కారణం అడిగి తెలుసుకుని, ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఇంకొకటి మిగిలిపోయింది. గోడౌన్ తెరిచిన రోజు పుంగనూరు వెళ్ళాను. అందరూ కూర్చున్నాక లేచి, మీరు చెప్పుకునే ఆ ఆడిటరును నేనే అని చెప్పాను. తప్పు చేశానన్నాను. సుత్తుల చప్పుడు ఆగిపోయింది.

రెడ్డెమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వేనా సామీ? ఆ పొద్దు నాతో అగ్గిపెట్టె సదివించుకుంటివే."

"అవునమ్మా."

"తప్పు అంటే సరిపాయనా? గోడౌను మూసిన దినాలన్నీ మాకు సగం సదువు పాయ. సదువుకుంటే కూలి పోతాది, కూలికి పోతే సదువు పోతాది. నీకేం తెలుసు?"

"ఏం చేయమంటావో చెప్పు."

ఆమె తన ముందున్న రాయిని, సుత్తిని, చింతపండు కుప్పను నా వైపు జరిపింది. "ఇది కొట్టు. అందాక నేను సదువుకుంటా."

ఆడవాళ్ళంతా నవ్వారు. జుబేదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చొక్కా చేతులు మడిచి కింద కూర్చున్నాను. గఫార్ సాబు తలుపు దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయాడు. ఆ ఏడాది పుంగనూరు పని మీద వెళ్ళిన ప్రతిసారీ మధ్యాహ్నం ఆ గోడౌన్లో కూర్చుని రెడ్డెమ్మ వంతు కొట్టాను. మొదటి రోజు వేళ్ళు బొబ్బలెక్కాయి. గింజ సగం విరిగి పండులోనే ఉండిపోయేది.

ఆమె పలక మీది నుంచి చూపు తిప్పి నా కుప్పను చూసేది. "ఇట్ల కొడితే నిన్ను ఏ సాబూ పనికి పెట్టుకోడు సామీ," అనేది. మళ్ళీ పలక మీదికి వంగేది. నేను ఇంకో పండు తీసి రాయి మీద పెట్టుకునేవాణ్ణి.